పైడయ్యగారు విసిరిన కోడిగుడ్లు

పైడయ్యగారు ఏ వస్తువునూ ఎవరి చేతికీ ఇవ్వరు. విసురుతారు.

ఉప్పు అడిగితే ఉప్పు పొట్లం గాలిలో వస్తుంది. తాళాలడిగితే తాళాలగుత్తి గలగలమంటూ వస్తుంది. కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికి వచ్చినప్పుడు కూడా గుమ్మంలోనే నిలబడి "పట్టమ్మా స్టెల్లా" అన్నారు. నేను చెయ్యి చాపేలోగా ఆ శుభలేఖ తిరుగుతున్న ఫ్యానుకు తగిలి పప్పుగిన్నెలో పడింది. నాలుగు మూలలా పసుపు పూసి ఉందేమో, పప్పులో పడ్డ తేడా పెద్దగా తెలియలేదు. ఆయన మాత్రం నా వైపు చాలా బాధగా చూశారు. పాడైపోయిన శుభలేఖ గురించి కాదు ఆ బాధ. ఆటల టీచరునై ఉండి పట్టలేకపోయినందుకు.

మా ఊరు, ఇనుప గనుల బచేలిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆదివారం సంతలో కూరగాయలమ్మే సోమారు ఆయన్ని దూరం నుంచి చూడగానే టమాటాల బుట్ట వెనక్కి జరుపుకుని ఉల్లిపాయల బుట్ట ముందుకు పెడతాడు. బ్యాంకులో గుమస్తా అద్దం కన్నంలోంచి పాస్‌బుక్కు ఎగిరి వస్తుందని కుర్చీ కాస్త ఎడంగా వేసుకున్నాడు. క్రిస్మస్‌కు మా పాస్టరుగారికి కేకు తెచ్చి, మెట్ల కింది నుంచే విసిరారు. పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని రెండు చేతులతో అందుకున్నారు. ఆనాటి నుంచి పైడయ్యగారికి మా మతం మీద గొప్ప గౌరవం. "మీ పాస్టరుగారు మంచోరమ్మా. కళ్ళు మూసుకోలేదు" అంటుంటారు.

ఇక ఆయన భార్య గురమ్మగారి సంగతి చెప్పనక్కర్లేదు. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి పోపు వేస్తూనే, వెనక్కి చూడకుండా ఎడంచెయ్యి పైకెత్తి, వచ్చిన స్టీలు గ్లాసును అందుకుని తొట్టిలో వేసేస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం.

ఈ అలవాటు ఎక్కడిదని అడిగితే ఆయన రైల్వే ఉద్యోగం చెప్పేవారు. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు ఒక చిన్న లైనులో పాయింట్స్‌మన్‌గా చేశారట. ఒంటి పట్టాల మీద రెండు బళ్ళు ఎదురెదురుగా రాకుండా, ప్రతి డ్రైవరూ స్టేషన్లో టోకెన్ పుచ్చుకుని గానీ ముందుకు పోకూడదు. ఆ టోకెన్‌ను ఒక పెద్ద వలయానికి తగిలించి ఉంచుతారు. బండి ఆగకుండా వెళ్ళిపోతుంటే డ్రైవరు పాత వలయం వదులుతాడు, కింద నిలబడ్డవాడు అందుకోవాలి. పదకొండేళ్ళలో ఒక్కటి కూడా కింద పడనివ్వలేదని పైడయ్యగారు చెప్పేవారు. తరవాత ఇనుప ఖనిజం మోసే ఈ కిరందుల్ లైనుకు బదిలీ చేశారు. ఇక్కడ టోకెన్లు లేవు, అన్నీ సిగ్నల్ దీపాలే. చేతులకు పని లేక ఇంట్లో సామాన్ల మీద పడ్డారని మా నాన్న అనేవారు. ఇద్దరూ ఒకే స్టేషన్లో చేశారు కాబట్టి నాకు ఆయన బాబాయి.

ఆయనకు ఒక సిద్ధాంతం కూడా ఉంది. "మనిషి నోరు అబద్దవాడతాది. మొకం అబద్దవాడతాది. ఇసిరింది పట్టుకున్నప్పుడు సేతులు మాత్రం అబద్దవాడలేవమ్మా" అంటారు. ఈ సిద్ధాంతంతోనే అల్లుణ్ణి తెచ్చుకున్నారు. మొదట వచ్చిన పెళ్ళికొడుకు సీతాఫలం వస్తుంటే తల వంచేశాడు, తిరస్కరించారు. రెండోవాడి తరఫున వాళ్ళ అమ్మ పట్టుకుంది, అదీ తిరస్కరించారు. మూడోవాడు శ్యామ్‌ప్రసాద్ కుడిచేతిలో టీ కప్పు ఉండగా, బాగా ముగ్గిన సీతాఫలాన్ని ఎడంచేత్తో చితకకుండా అందుకున్నాడు. టీ తొణకలేదు. ఉద్యోగం ఏమిటని అడక్కముందే సంబంధం ఖాయమైపోయింది. తరవాత జాతకాలు చూపిస్తే కలవలేదట. చేతులు కలిశాయి కదా అని పెళ్ళి చేసేశారు. ఇద్దరు పిల్లలతో చక్కగా ఉన్నారు.

ఇలాంటి మనిషికీ హ్యాండ్‌బాల్‌కూ ముడి పడటం వింతేమీ కాదు. ఎనిమిదేళ్ళ కిందట మా బడికి వచ్చిన ఆటసామాన్లలో ఒక సంచీ నిండా చిన్న బంతులున్నాయి. నాకు ఖోఖో తెలుసు, కబడ్డీ తెలుసు. ఈ ఆట గురించి పుస్తకం తెప్పించుకుని చదువుతున్నాను. రిటైరైన పైడయ్యగారు ఒక సాయంత్రం అటుగా పోతూ ఆగారు. మర్నాడు గట్టు మీద కూర్చున్నారు. మూడోనాడు బంతి విసిరారు. ఆయన్ని ఎవరూ నియమించలేదు. పొమ్మనే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది. ఆడపిల్లలు "మాస్టారూ" అని పిలవడం మొదలుపెట్టాక ఆయన కోచ్ అయిపోయారు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. బంతిని చేతులతో అందించుకుంటూ పోయి గోల్లో కొట్టాలి. గోలు ముందు ఒక వంకర గీత ఉంటుంది, అది దాటి లోపల కాలు పెట్టకూడదు. ఆ గీత మీద అవతలి జట్టు గోడలా నిలబడుతుంది. మన జట్టులో ఒకరు సరిగ్గా ఆ గోడ మధ్యలో దూరి నిలబడాలి. ఒళ్ళు అడ్డం పెట్టి మనవాళ్ళకు దారి చేయాలి, అదే మనిషి ఆ తోపులాటలోనే బంతి పట్టుకుని తిరిగి గోలు కొట్టాలి. దానికి భారీ శరీరమూ కావాలి, మెత్తని చేతులూ కావాలి. ఈ రెండూ ఒకే మనిషిలో దొరకవు. గోడను అడ్డుకునేవాళ్ళు బంతి పట్టలేరు, పట్టగలిగినవాళ్ళను గోడ నలిపేస్తుంది.

అలాంటప్పుడు దుర్గాభవాని వచ్చింది.

సుక్మా జిల్లాలో తెలంగాణ సరిహద్దునున్న మరైగూడ పిల్ల. మా దగ్గర హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. వచ్చిన రోజున తరగతి గుమ్మంలో నిలబడితే బయటి వెలుగు లోపలికి రాలేదు. పొడవూ ఉంది, వెడల్పూ ఉంది. గొంతు మాత్రం పిచ్చుకంత. నవీన అనే చిన్న పిల్ల రోజూ ఆమె నీడలో కూర్చుని పుస్తకం చదువుకునేది. గీత మీద నిలబెడితే ముగ్గురు పిల్లలు కలిసి నెట్టినా కదిలేది కాదు. చూసి నేను మురిసిపోయాను. కొన్ని వారాలు పోయాక, బంతి దగ్గర ఆ మురిపెం తగ్గింది. ఎలా విసిరినా చేతులకు తగిలి కింద పడేది. చేతులు పక్కటెముకలకు అంటుకుపోయినట్టు ఉండేవి.

నవంబరులో జిల్లా నుంచి భానుప్రసాద్ వచ్చాడు. జగదల్‌పూర్‌లో పెరిగిన మన తెలుగు కుర్రాడే, కోచింగులో డిప్లొమా చేశాడు. చేతిలో ట్యాబ్, మెడలో ఈల, జేబులో టేపు. పిల్లల ఎత్తు కొలిచాడు, అరచేతుల వెడల్పు కొలిచాడు, గెంతించాడు, పరిగెత్తించాడు, బంతులు పట్టించాడు. డిసెంబరులో జగదల్‌పూర్‌లో సెలక్షన్లు ఉన్నాయనీ, అక్కడ నెగ్గినవాళ్ళకు రాయపూర్‌లో క్రీడా హాస్టల్ సీటు వస్తుందనీ చెప్పాడు. దుర్గాభవాని దగ్గరికి వచ్చేసరికి ట్యాబ్‌లో రెండంకెలు కొట్టాడు. అడ్డుకోవడానికి పదికి పది. పట్టడానికి పదికి రెండు.

"దీవార్ అచ్ఛీ హై, మేడమ్" అన్నాడు నాతో. "గోడ బాగుంది. కానీ గోడకు చేతులుండవు కదా. వేరే పిల్లను చూసుకోండి."

గట్టు మీద కూర్చున్న పైడయ్యగారు లేచి వచ్చారు. ఆ పిల్ల చేతులు బాగున్నాయనీ, కావాలంటే పందెమనీ అన్నారు. భానుప్రసాద్ మర్యాదగానే నవ్వి, అంకెలు చూపించాడు. పైడయ్యగారు అంకెలు చూడలేదు. జేబులోంచి ఏదో తీసి "పట్టు బాబూ" అన్నారు. భానుప్రసాద్ ఒక చేతిలో ట్యాబ్ ఉండగా రెండో చేత్తో గట్టిగా పట్టాడు. అది పచ్చి కోడిగుడ్డు. కొత్త ట్రాక్‌సూటు మీద సొన కారుతుంటే పైడయ్యగారు ఎంతో సౌమ్యంగా, గట్టిగా పట్టడమూ సరిగ్గా పట్టడమూ ఒకటి కాదని చెప్పారు.

ఆ మర్నాటి నుంచి మా మైదానంలో కోడిగుడ్ల కాలం మొదలైంది. నిజానికి అంతకుముందు కూడా ఆయన ఆట అయ్యాక పిల్లల మీదికి జామకాయలో, రేగుపళ్ళో, గుడ్లో విసురుతుండేవారు. పట్టుకుంటే నీది, వదిలేస్తే నాది అనేది నియమం. ఇప్పుడు దుర్గాభవాని మీద దృష్టి పెట్టారు. ఆ పిల్ల నీళ్ళు తాగుతుంటే గుడ్డు వచ్చేది. జడ వేసుకుంటుంటే గుడ్డు వచ్చేది. హాస్టల్ బస్సు ఎక్కుతూ వెనక్కి తిరిగితే ఇంకో గుడ్డు. కొన్ని ఉడకబెట్టినవి, కొన్ని పచ్చివి, ఏది ఏదో మాత్రం చెప్పనని ఆయన ముందే బెదిరించి పెట్టారు. అందుచేత ఆ పిల్ల ప్రతి గుడ్డునూ పసిపిల్లను ఎత్తుకున్నట్టు అందుకునేది. చేతులు ముందుకు వచ్చేవి, గుడ్డుతో పాటు కాస్త వెనక్కి పోయేవి, చప్పుడు లేకుండా మూసుకునేవి. వారం రోజుల్లో ఒక్కటీ పగల్లేదు.

అదే పిల్ల, అవే చేతులు. గీత మీద నిలబెట్టి బంతి విసిరితే ధబ్బున కింద పడేది.

నేను విసిగిపోయాను. పైడయ్యగారు మాత్రం రైలు ఆలస్యమైన స్టేషన్‌మాస్టరులా ప్రశాంతంగా ఉన్నారు. దుర్గాభవానిని ఏమీ అడగలేదు. నవీనను పక్కకు పిలిచి జామకాయలు విసురుతూ ఏదో మాట్లాడటం చూశాను. నవీన నోరు తెరిచి ముందు పన్ను చూపించింది. ఆయన ఆ పన్ను వంక చాలాసేపు చూశారు, తరవాత నా వంక చూశారు, తరవాత ఆకాశం వంక చూశారు. ఏం తేలిందని నేను అడిగితే, దుర్గాభవాని గోళ్ళు పెరిగాయి, అందుకే బంతి జారిపోతోంది, కత్తిరించాలి అన్నారు. అంత పెద్ద పరిశోధన చేసి గోళ్ళు తేల్చారేమిటని నాకు నవ్వొచ్చింది.

ఈలోగా మరైగూడ నుంచి కబురొచ్చింది. దుర్గాభవాని తండ్రి ఎర్రయ్య ఫోన్ చేశాడు. జనవరిలో మిరప కోతలకు భద్రాచలం వైపు పోతారట, ఇంటిల్లిపాదీ పోతేనే పని సాగుతుందట. సెలక్షనో ఏదో అయినాక, సీటు రాకపోతే పిల్లను తీసుకుపోతానని చెప్పాడు. "మళ్ల బడి సంగతి సూద్దాం టీచరమ్మా" అన్నాడు. మళ్ళీ చూద్దాం అన్న బడులు ఎన్ని మళ్ళీ కనిపించాయో నాకు తెలుసు. నాకు భయం పట్టుకుంది.

ఇంకో పది రోజులే ఉన్నాయనగా పైడయ్యగారు ఒక సాయంత్రం నన్ను గోడలో నిలబడమన్నారు. అవతలి జట్టులో ఒక పిల్ల తక్కువైందన్నారు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని గీత మీద, సరిగ్గా దుర్గాభవాని వెనక నిలబడ్డాను. కాస్త గట్టిగా నెట్టమ్మా, మొహమాటపడకు అని ఆయనే సలహా ఇచ్చారు. నెట్టాను. ఆ పిల్ల చేతులు మరీ ముడుచుకుంది. బంతి వచ్చింది, జారింది. ఇంకోటి వచ్చింది, అదీ జారింది. మూడోది పైడయ్యగారే విసిరారు. దుర్గాభవాని తల మీదుగా, చాలా ఎత్తులో, చేతులు రెండూ పూర్తిగా చాపితే తప్ప అందని చోటికి. ఆ పిల్లకు ఆలోచించే వ్యవధి లేకపోయింది. ఎగిరింది, అందుకుంది, తిరిగింది. తిరగడంలో మోచెయ్యి వచ్చి నా మూతికి తగిలింది.

నేను వెల్లకిలా పడ్డాను. పెదవి చిట్లింది. ఆకాశం బాగుంది, రెండు కొంగలు పోతున్నాయి. కళ్ళు కిందికి దింపేసరికి దుర్గాభవాని బంతిని రెండు చేతులా పట్టుకుని నా మీదికి వంగి ఉంది.

"టీచర్, నేను కావాలని కొట్టలే టీచర్. మీరు అప్పుడే చెప్పిన్రు గదా, ఎద్దులెక్క మీద పడొద్దని. నేను చేతులు దగ్గరకే పెట్టుకుంటున్న టీచర్, రోజూ."

అప్పుడు గుర్తొచ్చింది. ఆగస్టులో ఒకనాడు బంతి కోసం తిరుగుతూ ఈ పిల్ల మోచేత్తో నవీన పన్ను సగం విరగ్గొట్టింది. నెత్తురు చూసి కంగారుపడి నేను అరిచాను. ఎద్దులా అలా మీద పడితే చిన్నపిల్లలు బతుకుతారా అన్నాను. అన్న పావుగంటకు మరిచిపోయాను. ఆ పిల్ల మరిచిపోలేదు. మూడు నెలలుగా తన ఒళ్ళంతా తనలోకి ముడుచుకుని ఆడుతోంది. ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చే గుడ్డును పట్టగలదు. చుట్టూ పిల్లలుంటే చేతులు విప్పదు.

లేచి కూర్చున్నాను. పెదవి మండుతోంది. ఆ పిల్ల మొహం చూస్తే మాత్రం నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"ఎద్దు అన్నది నేనే" అన్నాను. "తప్పుగా అన్నానంటున్నదీ నేనే. నవీన పన్ను నీ తప్పు కాదు, ఆటలో తగిలింది. నా మూతీ అంతే. లేపు నన్ను. ఇంకో బంతి పట్టుకుందాం."

ఒక్క చేత్తో లేపింది. ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంకో పదిహేను బంతులు పట్టింది. నేను ఇంకో రెండుసార్లు పడ్డాను. వరసలో ఉన్న నవీన కూడా ఒకసారి పడి, సగం పన్నుతో నవ్వుతూ లేచింది.

గట్టు దగ్గరికి పోయి, అంతా తెలిసే నన్ను అక్కడ నిలబెట్టారా బాబాయ్ అని అడిగాను. పైడయ్యగారు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టారు. "గోళ్ళు తీయించీసాను కదమ్మా. అందుకే పడతంది" అన్నారు. తడిపిన చేతిరుమాలు నా వైపు విసిరారు. చిట్లిన పెదవి మీద సరిగ్గా పడింది.

నాలుగు రోజులు వాచిన మూతితో పాఠాలు చెప్పాను.

సెలక్షన్ల నాడు జగదల్‌పూర్ మైదానంలో ఎండ చురుక్కుమంటోంది. మాకంటే ముందే ఎర్రయ్య వచ్చి ఉన్నాడు. వాళ్ళ ఊరి దగ్గరి కోంటలో రాత్రే బస్సెక్కాడట. సన్నగా, పొట్టిగా ఉన్నాడు, చంకలో సంచీ. దుర్గాభవాని పక్కన నిలబడితే ఎవరు ఎవరిని కన్నారో తెలియడం లేదు. కోచ్‌లను లోపలికి రానివ్వలేదు. పైడయ్యగారూ ఎర్రయ్యా కంచె అవతల పక్కపక్కన నిలబడ్డారు. నేను వాళ్ళ వెనక. పైడయ్యగారి చేతుల్లో విసరడానికి ఏమీ లేకపోవడం ఆ రోజే చూశాను. వేళ్ళు ఊరికే మూసి తెరుస్తున్నారు.

గోడ మధ్యలో నిలబెట్టి పది బంతులు విసురుతారు. భానుప్రసాద్ ట్యాబ్ పట్టుకుని పక్కన నిలబడ్డాడు, పైడయ్యగారికి చాలా దూరంగా. మొదటి బంతి వచ్చింది. జారింది. రెండోది వచ్చింది. అదీ జారింది. దుర్గాభవాని చేతులు మళ్ళీ పక్కటెముకల దగ్గరికి పోతున్నాయి.

"ఏంది సారూ, మా పిల్ల పట్టలేకపోతాంది" అన్నాడు ఎర్రయ్య చిన్న గొంతుతో. పిల్ల గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. పైడయ్యగారు రెండు చేతులతో కంచెను పట్టుకున్నారు.

దుర్గాభవాని కంచె వైపు చూసింది. నా మూతి వంక చూసిందని నేను ఇప్పటికీ అంటాను. నేను పెదవి చూపించి, చెయ్యి ఊపాను. మూడో బంతి వచ్చింది. ఈసారి చేతులు విప్పింది. రెండువైపులా ఉన్న ఇద్దరు పిల్లలు తలుపు రెక్కల్లా అటూ ఇటూ పోయారు, బంతి ఆ చేతుల్లో పడ్డ చప్పుడే వినిపించలేదు, తిరిగి కొడితే వల లేచి ఆగింది. నాలుగు, అయిదు, ఆరు కూడా పట్టింది. ఏడో బంతికి అవతలి పిల్ల ఒకతె కింద పడింది. దుర్గాభవాని గోలు కొట్టి, వెనక్కి పోయి, ఆ పిల్లను లేపి, బట్టలకు అంటిన మట్టి దులుపుతోంది. ఈలోగా ఎనిమిదో బంతి ఆమె వీపుకు తగిలి పడిపోయింది. తొమ్మిది, పది పట్టింది.

భానుప్రసాద్ కంచె దగ్గరికి వచ్చి ట్యాబ్ మా వైపు తిప్పాడు. పట్టడానికి పదికి ఏడు. జాబితాలో ఆ పిల్ల పేరు ఆఖర్న ఉంది, కానీ ఉంది. తన లెక్క తప్పిందని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. ఒక్క మాట మాత్రం అన్నాడు. పడిన పిల్లలను లేపే అలవాటు మాన్పించాలట, దాని వల్ల ఒక బంతి పోయిందట.

"అది మాత్రం మాన్పించకు బాబూ" అన్నారు పైడయ్యగారు. "బంతులు మళ్ళీ వస్తాయి."

ఎర్రయ్య సంచీ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. పిల్లను రాయపూర్‌లో ఎవరు చూసుకుంటారని అడిగాడు. అక్కడ తిండి ఎలా ఉంటుందని, పండక్కి పంపుతారా అని అడిగాడు. తెలిసినంత నేను చెప్పాను. దుర్గాభవాని చెమటతో వచ్చి తండ్రి ముందు తల వంచుకుని నిలబడింది. తల వంచినా ఆయన కంటే ఎత్తే.

"మిరపకాయలు తెంపే చేతులు మనింట్ల ఇంకా ఉన్నయి బిడ్డా" అన్నాడు ఎర్రయ్య. "గిట్ల పట్టే చేతులు నీయే. పో."

ఆ సాయంకాలం బస్సులో పైడయ్యగారు దారి పొడుగునా పల్లీలు విసిరారు. కండక్టరు రెండు పట్టాడు.

వారం తరవాత రాయపూర్ నుంచి కాగితం వస్తే చెప్పడానికి ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన పెరట్లో కోళ్ళకు నూకలు వేస్తున్నారు. గురమ్మగారు వంటింట్లో పెద్ద గిన్నెలో గుడ్లు ఉడకబెడుతున్నారు, మూడు డజన్లకు తక్కువ ఉండవు. వీటిలో ఏవి పచ్చిగా ఉంచుతారు పిన్నీ అని సరదాగా అడిగాను. ఆవిడ నా వంక వింతగా చూశారు.

"పచ్చివేటమ్మా? ఒక్కటీ ఉండదు. ఆ జగదల్‌పూర్ కుర్రోడి మీద ఏసిందొక్కటే పచ్చిది. పిల్లలకు ఉడకపెట్టినవే. సాయంత్రం రొండు గంటలు గెంతుతారు. హాస్టల్లో అన్నం ఎనిమిదింటికి గానీ పెట్టరు. అంతదాకా కడుపు మాడదేటి?"

మరి చేతికే ఇవ్వచ్చు కదా అన్నాను. గురమ్మగారు మంట తగ్గించి, పీట మీద కూర్చున్నారు. మొదటి ఏడాది అలాగే పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళారట. ఒక్క పిల్లా ముట్టుకోలేదట. బిజ్జా అనే దోర్లా తెగ పిల్ల, కాస్త పెద్దది, మేం అడగలేదు కదా అని మొహం తిప్పుకుందట. పళ్ళెం పళ్ళెంలాగే ఇంటికి వచ్చింది. ఆయన ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు అవే గుడ్లు జేబుల్లో పోసుకుపోయి, దూరం నుంచి ఒకటి విసిరి, పట్టుకుంటే నీది అన్నారట. బిజ్జా పట్టింది, తింది, ఇంకోటి విసరమని చెయ్యి చూపింది.

"సేతికిస్తే పుచ్చుకున్నట్టుంటాదమ్మా" అన్నారు గురమ్మగారు. "ఇసిరితే గెలుసుకున్నట్టుంటాది. ఆ మొండోడికి ఆ మాట ఒకరికి సెప్పడం సిగ్గు. అందుకని ఊరందరి మీదా ఇసిరీడం మొదలెట్టీసాడు. అంతకుముందు నా మీద ఒక్కదాని మీదే ఇసిరేవోడు."

ఊళ్ళో ఎంతమంది ఆయన విసిరినవి పట్టుకుని గెలిచామనుకున్నారో అప్పుడు లెక్క వేయబోయి మానేశాను. మా నాన్న చనిపోయిన నెలలో ఆయన రోజూ మా గుమ్మంలోంచి కూరగాయలు విసిరిపోయేవారు. విసుక్కుంటూ పట్టుకునేదాన్ని. పట్టుకున్నాను కాబట్టి వండుకునేదాన్ని.

పెరట్లోకి వెళ్ళి అడిగేశాను. ఈ విసరడమంతా పిల్లలు మొహమాటపడకుండా తినాలనేనా బాబాయ్ అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. గురమ్మగారి వైపు ఒక చూపు విసిరారు.

"ఏటి కాదమ్మా. దాని మాటలు నమ్ముతావేటి? నాకు నడుం నొప్పి. ఒంగి ఒకరి సేతికి అందించలేను. అందుకే ఇసురుతాను, అంతే. డాట్రు కూడా ఒంగొద్దన్నాడు."

ఆ మాట పూర్తి కాకుండానే ఒక పెట్ట బెదిరి వంటింట్లోకి దూరి, అక్కడి నుంచి నులక మంచం కిందికి పోయింది. పైడయ్యగారు దాని వెంట పరిగెత్తారు. మోకాళ్ళ మీద కూర్చుని, మూడు మడతలుగా ఒంగి, తల నేలకు ఆనించి, మంచం కింద ఆ చివరి దాకా పాకిపోయారు. పాదాలు మాత్రమే బయట కనిపిస్తున్నాయి. లోపలి నుంచి పెట్ట కేకలూ, ఆయన బుజ్జగింపులూ వినిపిస్తున్నాయి.

గురమ్మగారు గిన్నెలో గుడ్లు గరిటెతో కలుపుతూ, నడుం జాగర్త అని మంచం కిందికి చెప్పారు.